అల్లుడి పట్టీ

ముప్పై ఒకటో జంట అంటే ఆ ప్రయోగశాలలో అందరికీ ముద్దు. మిగతా నలభై ఏడు జంటల గీతలు తెర మీద ఎగుడుదిగుడుగా పరుగులు పెడుతుంటే, ముప్పై ఒకటో గీత ఏడు వారాలుగా బుద్ధిమంతురాలిలా నడుస్తోంది. పొద్దున్నే వచ్చి, చేతిసంచి ఇంకా భుజాన ఉండగానే ఆ గీతను ఒకసారి చూసుకోవడం హైమవతికి అలవాటైపోయింది. హనుమకొండలో పాత కాలేజీ వెనక ఉన్న ఆ రెండంతస్తుల భవనంలో పన్నెండేళ్లుగా ఆమె చేసిన చాకిరీ అంతా ఆ గీతలో కనిపించేది.

జంట అంటే నెలలు నిండుతున్న ఒక స్త్రీ, ఆమెకు తోడుగా ఒక మనిషి. ఇద్దరి జబ్బలకూ తమలపాకంత పట్టీ అంటిస్తారు. తల్లి మనసులో దిగులు పేరుకున్నప్పుడు ఒంట్లో జరిగే మార్పులను ఆమె పట్టీ పసిగట్టి, ప్రయోగశాల తెర మీద గీతగా గీస్తూ, తోడు మనిషి పట్టీకి చెబుతుంది. అది ఎంత దూరంలో ఉన్నా సరే, ఆ బరువులో సగాన్ని తోడు మనిషి ఒంట్లో లేపుతుంది. తోడు మనిషిలో లేచినంత మేరకు తల్లిలో దిగుతుంది.

దాని సంగతి సలీంకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. యంత్రాల పని చూసే సలీమే మొట్టమొదటి ప్రయోగంలో తోడుగా కూర్చున్నాడు. పక్క గదిలో ఆరో నెల గర్భిణి ఉంది. పట్టీ అంటించిన పావుగంటకు సలీం తన ముందున్న బిర్యానీ పొట్లాన్ని పక్కకు జరిపాడు. సలీం బిర్యానీని పక్కకు జరపడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"ఏమైంది సలీం?" అని హైమవతి అడిగింది.

"ఏం కాలే మేడం. తినుడెందుకు అనిపిస్తుంది. తినుడే కాదు, కూసునుడు గూడ ఎందుకు అనిపిస్తుంది."

సరిగ్గా అప్పుడే పక్క గదిలోని ఆమె, ఏమన్నా ఉంటే పెట్టమని నర్సును అడిగింది. ఆ పొట్లం ఆమెకే వెళ్లింది. మూడు నెలల తర్వాత తనకు ఆకలి వేయడం అదే మొదలని తింటూ చెప్పింది. హైమవతి ఆ రోజు మేడ మీదికి వెళ్లి, ఎవరూ చూడకుండా ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

అయితే దానికో హద్దుంది. తోడు మనిషి రోజుకు నాలుగు గంటలే మోయాలి. ఆ లోపల తీసేస్తే ఒక నిద్రతో తేరుకుంటాడు. అంతకు మించితే ఆ బరువు వచ్చిన దారి మరిచిపోయి అక్కడే కాపురం పెడుతుంది. నాలుగు గంటలకు పట్టీ దానంతట అదే ఆగిపోయేలా చేద్దామని సలీం మొదట్లోనే అన్నాడు. ఆ నిమిషంలోనే తల్లికి తోడు అవసరమైతే ఎలా అని హైమవతి ఒప్పుకోలేదు. పట్టీ సన్నగా వణుకుతుంది, తీసేది మనిషే అని తేల్చేసింది. మనుషుల మీద ఆమెకు అంత నమ్మకం.

ముప్పై ఒకటో జంట సుప్రజ, సంపత్. సంపత్‌కు గోదావరిఖనిలో బొగ్గు గని దగ్గరున్న వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం. ఎనిమిదో నెలలో సుప్రజ తనంతట తనే ప్రయోగశాలకు వచ్చింది. కడుపులో బిడ్డ కదిలితే, ఎవరో పరాయివాళ్లు తన గదిలో తిరుగుతున్నట్టుందని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. హైమవతికి భయం వేసింది అందుకే.

తోడు ఎవరని ఉన్న చోట "భర్త" అని హైమవతే రాసింది. అందరికీ అలాగే రాసింది.

తొమ్మిదో నెలలో సుప్రజ పురిటికి జమ్మికుంటలోని తల్లిగారింటికి వెళ్లింది. అక్కడినుంచి ఆమె గీత చక్కబడింది. కాన్పయింది, మగపిల్లాడు. బాలింతలు చాలామంది బేజారెత్తే మూడో రోజు, నాలుగో రోజు కూడా ఆ గీత చెక్కుచెదరలేదు. రెండు వారాలకోసారి సంపత్‌కు ఫోన్ చేస్తే, "అంత మంచిగనే ఉన్నది మేడం, ఏం తక్లీఫ్ లేదు" అనేవాడు. మొగుడంటే అట్లుండాలని ప్రయోగశాలలో ఆడవాళ్లు చెప్పుకునేవారు. వచ్చే సోమవారం హైదరాబాద్ నుంచి కమిటీ వస్తోంది. వాళ్లు సరే అంటే మూడు నెలల్లో ప్రతి జిల్లాకూ పట్టీలు వెళతాయి. వాళ్లకు మొదట చూపించాల్సింది ముప్పై ఒకటో గీతనే అని హైమవతి ఎప్పుడో అనుకుంది.

గురువారం సాయంత్రం సలీం ఒక కాగితం పట్టుకుని వచ్చాడు.

"మేడం, జిగురు బిళ్లల లెక్క ఎక్కడనో తప్పుతుంది."

పట్టీ అడుగున అతికించే జిగురు బిళ్ల నాలుగు గంటలు పనిచేస్తుంది. తోడు మనిషికి రోజుకు ఒకటి చాలు. ముప్పై ఒకటో జంటవాళ్లు తోడు పట్టీకి పెట్టెల మీద పెట్టెలు తెప్పించుకుంటున్నారు.

"బిళ్లలు పోగొట్టుకుంటున్నారేమో," అంది హైమవతి.

"నేను గూడ గట్లనే అనుకున్న. కూడి చూస్తే రోజుకు ఆరు. నాలుగార్ల ఇరవై నాలుగు మేడం. మనిషి ఒక్క ఘడియ తీస్తలేడు. ఇంకోటి, ఆయన ఉండేది గోదావరిఖనిల. పెట్టెలు పోతున్నది జమ్మికుంటకు."

హైమవతి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కమిటీ వెళ్లాక చూద్దాంలే అన్న ఆలోచన ఒకటి తలుపు దాకా వచ్చి నిలబడింది. నిలబడలేదని చెబితే అబద్ధమవుతుంది. మర్నాడే పిల్లాడికి ఇరవై ఒకటో రోజు, ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ. సంపత్ కూడా వస్తాడు. ఆమె పొద్దున్నే బస్సెక్కింది.

సుప్రజ తల్లి స్వరూపకు ఇంటి ముందే పిండి గిర్ని ఉంది. భర్త పోయాక ఆ గిర్ని మీదనే బిడ్డను చదివించి పెళ్లి చేసింది. హైమవతి వెళ్లేసరికి గిర్ని షట్టర్ దించి ఉంది. జొన్నల డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చిన ఒకామె దాన్ని చూసి వెనక్కి తిరుగుతోంది.

"నెల దాటె తెరువక. బిడ్డ పురుడు గద, తీరుతలేదేమో," అంటూ వెళ్లిపోయింది.

లోపల సందడిగా ఉంది. కొత్త చీరలో సుప్రజ పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని నవ్వుతోంది. హైమవతిని చూడగానే లేవబోయింది. "మేడం, వీడు ఇప్పుడు నాకు పరాయోడు కాదు," అంది. ఆ మొహం చూశాక హైమవతికి తన పన్నెండేళ్లూ వృథా పోలేదనిపించింది. కాసేపటికి, కుర్చీలో ఫ్యాన్ కింద కూర్చోబెట్టిన సంపత్ మీద ఆమె చూపు పడింది. పొట్టి చేతుల చొక్కా. జబ్బ మీద ఏమీ లేదు.

ఆమె అతన్ని పెరట్లోకి పిలిచి అడిగింది. సంపత్ తల గోక్కున్నాడు.

"అత్తమ్మ తీసుకున్నది మేడం."

"ఎప్పుడు?"

"సుప్రజను దిగబెట్ట వచ్చిన రోజే. నేను వద్దన్న. ఇనలే. మీరు ఫోన్ చేసినప్పుడు చెప్పాల్నని అనుకున్న గని..." అతను ఖాళీ జబ్బను అరచేత్తో రుద్దుకున్నాడు. "అబద్ధమెందుకు మేడం, తీసినంక నాకు పాణం హాయి అనిపించింది. అందుకే ఊకున్న."

స్వరూప వంటింట్లో ఉంది. పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారుతున్నాయి. ఆమె ఎదురుగానే నిలబడి చూస్తోంది, కానీ చెయ్యి కదలడం లేదు. హైమవతే వెళ్లి మంట తీసింది. ఎనిమిదో నెలలో పరీక్షకని ఒకసారి బిడ్డ వెంట ప్రయోగశాలకు వచ్చిన రోజు స్వరూప గలగలా మాట్లాడిన మనిషి. ఇప్పుడు జాకెట్టు భుజాల మీద వేలాడుతోంది. చెంగు కింద జబ్బ మీద పట్టీ ఉంది. దాని చుట్టూ చర్మం కమిలి ఎర్రబడింది.

"స్వరూపక్కా, ఇది మీరెందుకు పెట్టుకున్నరు?"

"తొలుసూరు పురిటికని అల్లుడు బిడ్డను తీసుకొని వచ్చిండు. నాటుకోడి వండిన. రెండు బుక్కలు తిని చెయ్యి కడుక్కున్నడు." స్వరూప గొంతు మెల్లగా, ఎక్కడినుంచో వచ్చింది. "నా ఇంట్ల అల్లుడు తినకుంట లేచిండంటే నాకెట్లుంటది మేడం? ఏమైందంటే జబ్బ చూపిచ్చిండు. ఆడోళ్ల పురిటి బరువు తీసి అల్లుని నెత్తిన పెడుతరా ఎవలన్న? నేనే గుంజుకొని పెట్టుకున్న."

హైమవతికి తన తల్లి గుర్తొచ్చింది. ఆమె ఇప్పటికీ అల్లుడి చేత మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగి, నలభై ఎనిమిది కాగితాల మీద "భర్త" అని రాసేటప్పుడు ఆ సంగతి తనకు ఒక్కసారైనా తట్టలేదు. తల్లిగారింట్లో అల్లుడంటే ఏమిటో తెలిసిన మనిషే ఆ తప్పు చేసింది.

"నాలుగు గంటలకు తియ్యాలని సంపత్ చెప్పలేదా?"

"చెప్పిండు. తీసిన. తీసిన పావుగంటల సుప్రజ గోడ దిక్కు తిరిగి పండుకున్నది. మల్ల పెట్టిన. లేచి కూసుండి నవ్వింది. ఇగ ఎట్ల తీస్త?"

"ఇప్పుడు తియ్యాలె అక్కా. మీరు తినట్లేదు. గిర్ని తెరవట్లేదు. పాలు పొంగితే చూస్తూ నిలబడ్డరు."

"నాకు ఇది కొత్త కాదు మేడం." స్వరూప పీట మీద కూలబడింది. "పట్టీ పెట్టుకున్న తెల్లారే గుర్తువట్టిన. ఇది నాదే. సుప్రజ పుట్టినప్పుడు నాకు గిదే ఉండె. గాలి సోకిందని తాయెత్తు కట్టిండ్రు. ఏం మోస్తున్నవే అని ఒక్కలు అడుగలే. పోరి రెండు నెలలది అప్పుడు. ఎత్తుకొని స్టేషనుకు పోయిన. బల్ల మీద పండవెట్టిన. బండొస్తే ఎక్కిన, పొయ్యిన."

హైమవతి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"పక్క స్టేషన్ల దిగిన. ఎందుకు దిగిన్ననో ఇప్పటికీ తెల్వది. నడుసుకుంట వచ్చిన. చాయ అమ్మే ఆమె ఎత్తుకొని కూసున్నది. ఆమె సుత నన్ను ఏం అడుగలే, బిడ్డను చేతులల్ల పెట్టింది." స్వరూప జబ్బ మీది పట్టీని అరచేత్తో కప్పుకుంది. "నా బిడ్డ గంత దూరం పోవద్దు. మీరు మీ కాయితాల మీద ఏమన్న రాసుకోండ్రి. నేనిది ఇయ్య."

ఫోన్ తీసి సలీంకు ఒక్క మాట చెబితే చాలు, ఆ పట్టీ ఇక్కడే చల్లబడిపోతుంది. ఏడు వారాలుగా మోసిందంతా మరునిమిషంలో మూడు వారాల బాలింత మీద పడుతుంది. తియ్యకపోతే ఈ మనిషి కళ్లముందే కరిగిపోతుంది. హైమవతి ఫోన్ తియ్యలేదు.

"ఈ సంగతి సుప్రజకు తెలవాలె. మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?" అని మాత్రం అడిగింది.

ఇద్దరిలో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. పిల్లాణ్ణి ఎత్తుకుని, వాడికి తువ్వాలు కావాలని వచ్చిన సుప్రజ గడప దగ్గరే నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

"ఏ స్టేషనమ్మా?" అని అడిగింది చివరికి.

"మనదే. రెండో ప్లాట్‌ఫారం."

"నేను ఏడ్సిన్ననా?"

"లేదు బిడ్డా. నిద్రవోయినవు."

సుప్రజ గడప దాటి లోపలికి వచ్చింది. కోపంతో ఏమన్నా అంటుందేమో అని హైమవతి భయపడింది. ఆమె తల్లి ఎదురుగా కింద కూర్చుంది, పిల్లాణ్ణి ఒళ్లో సర్దుకుంది.

"నాది నువ్వు మోస్తున్నవు. అప్పుడు నీది ఎవలు మోసిండ్రమ్మా?"

స్వరూప దగ్గర చెప్పడానికి ఎవరి పేరూ లేదు. సుప్రజ పిల్లాణ్ణి హైమవతి చేతుల్లో పెట్టి, తల్లి జబ్బ మీద ఉన్న అరచేతిని మెల్లగా పక్కకు తీసింది. ఒక్కసారిగా పీకితే ఇద్దరికీ ప్రమాదమని హైమవతి ఆపింది. రోజుకొక బిళ్ల చొప్పున తగ్గించాలి, ఆరు రోజులు పడుతుంది, ఆ ఆరు రోజులూ ప్రయోగశాల డాక్టరు ఫోన్‌కు అందుబాటులో ఉంటుంది అని చెప్పింది. తర్వాత ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లి చూపించుకోవాలి అంది. తల్లీకూతుళ్లు తల ఊపారు.

తలుపు దగ్గర సంపత్ గొంతు వినిపించింది. చొక్కా పొట్టి చెయ్యిని ఇంకా పైకి మడుస్తున్నాడు.

"నాలుగు గంటలు నాయి. సెలవు పెడుత. అత్తమ్మా, నేను తినకుంట లేస్తే మీరేం అనుకోవద్దు."

సాయంత్రం తొట్టెల వేశారు. స్వరూప మనుమణ్ణి తొట్టెలో పండబెట్టి, పాట అందుకోవాల్సిన చోట ఊరుకుండిపోయింది. పక్కింటావిడ అందుకుంది.

సోమవారం కమిటీ ముందు హైమవతి అనుకున్నట్టే ముప్పై ఒకటో గీతను ముందు పెట్టింది. అందరూ కుర్చీల్లో ముందుకు వంగారు.

"ఇది తల్లి గీత," అంది హైమవతి. "ఇంత తిన్నగా ఎందుకుందంటే, ఈమె తల్లి స్వరూప ఏడు వారాలు రాత్రీ పగలూ మోసింది. ఆమె గీత మా దగ్గర లేదు. మేం గీయాలనుకోలేదు. తోడు మనిషికి ఏమవుతుందో తెలియకుండా ఈ పట్టీని ఊళ్లమీదికి పంపితే, ప్రతి ఇంట్లోనూ ఒక స్వరూప తయారవుతుంది."

కమిటీ పెద్ద కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఇంకో ఏడాది పరిశీలించి రమ్మన్నాడు. నిధులు సగానికి తగ్గాయి. ప్రయోగశాలలో ఇద్దరు కుర్రవాళ్లు వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. వాళ్లనీ తప్పు పట్టలేం. ఈ ఏడాదిలో పట్టీ అందక గోడవైపు తిరిగి పడుకునే బాలింతలు ఎంతమందో హైమవతికి తెలుసు. ఆ సంఖ్య ఆమెకు అన్నం సయించనివ్వలేదు. అయినా తను చేసింది తప్పని ఒక్క రోజూ అనిపించలేదు.

సలీం నాలుగు గంటలకు పట్టీ ఆగిపోయేలా మార్చాడు. "మనుషుల మీద నమ్మకముంచండ్రి మేడం, పట్టీ మీద వద్దు," అని ఆమె పాత పంతాన్ని ఎగతాళి చేశాడు. కాగితం మీద తోడు అన్నచోట ఇప్పుడు ముందే రాసి పెట్టే మాటేదీ లేదు. ఇంటికి వెళ్లి, అందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఎవరి బరువు మోస్తారో, ఎవరు మోయనివ్వరో అడిగి, ఒక్కో తల్లికి తోడుగా రెండు పేర్లు రాసుకుని వస్తున్నారు. ఆ తోడు మనుషులకూ ఒక్కో గీత గీస్తున్నారు.

ఆరు వారాల తర్వాత హైమవతి మళ్లీ జమ్మికుంట వెళ్లింది. ముప్పై ఒకటో గీత ఇప్పుడు అందరి గీతల్లాగే ఎక్కుతోంది, దిగుతోంది. సుప్రజ మొహం పీక్కుపోయి ఉంది, జడ వేసుకోలేదు.

"ఇయ్యాల మంచిగలేదు మేడం," అని తనే చెప్పింది. "పొద్దున గంటసేపు ఏడ్సిన. సంపత్‌కు చెప్పే ఏడ్సిన. నిన్న నయముండె. బుధవారం డాక్టర్ దగ్గరికి పోయేదున్నది, అమ్మదీ నాదీ ఒక్కటే రోజు."

"పట్టీ?"

"సాయంత్రం నాలుగు గంటలు ఆయన పెట్టుకుంటున్నడు. సెలవు అయిపోయింది గని, అక్కడినుంచే మోస్తడట. శనివారం శనివారం వచ్చిపోతున్నడు."

ఆ రోజు శనివారమే. పెరట్లో సంపత్ పిల్లాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గుండిగలో నీళ్లు కాగుతున్నాయి. పక్కన గిన్నెలో పసుపు కలిపిన నూనె, నిప్పుల మీద సాంబ్రాణి. బాలింతకు పోసే స్నానమని హైమవతికి అర్థమైంది. కాన్పయి రెండు నెలలు దాటాక ఇప్పుడెందుకా అని చూస్తోంది.

సుప్రజ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతికి నూనె రాసుకుని, లోపలికి కేకేసింది.

"అమ్మా, రా."

స్వరూప గడపలోకి వచ్చి, నీళ్లనూ పీటనూ నూనెనూ చూసింది. మొహంలో కాస్త కండ పట్టింది కానీ కళ్లు ఇంకా అలిసే ఉన్నాయి. ఆస్పత్రివాళ్లు ఆమెకు చాలాకాలం పడుతుందని చెప్పారు.

"ఇదేందే? నాకెందుకు ఇది, నేనేమన్న బాలింతనా?"

"ఇరవై ఏడేండ్ల సంది బాలింతవే నువ్వు," అంది సుప్రజ. "ఒక్కలు నీళ్లు పొయ్యలే నీకు. కూసో."

స్వరూప అల్లుడి వైపు చూసి మొహమాటపడింది. సంపత్ పిల్లాణ్ణి తీసుకుని వీధి వాకిట్లోకి వెళ్లిపోయాడు. హైమవతి కూడా లేవబోతే, ఉండమన్నట్టు సుప్రజ చెంబు ఆమె చేతికిచ్చింది. స్వరూప ఇంకాసేపు గడప పట్టుకుని నిలబడి, వచ్చి పీట మీద కూర్చుని, బిడ్డ ముందు తల వంచింది.